తలంబ్రాల దగ్గర ఆగిపోయిన కాపీ

గోదావరి జిల్లాల్లోని ఒక చిన్న ఊళ్లో ఫొటో స్టూడియో నడుపుతున్న ఒకాయన ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఒకసారి చదివి పక్కన పెట్టి మర్నాడు మళ్లీ చదివాను. పైకి హార్డ్ డిస్క్ గొడవలా ఉంది కానీ లోపల నాలుగైదు చిక్కులు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఆయన రాసింది ముందు క్లుప్తంగా చెబుతాను.

పద్నాలుగేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నారట. మాఘమాసంలో ఒక పెద్ద పెళ్లి ఒప్పుకున్నారు. రెండు వీడియో కెమెరాలు, ఒక క్యాండిడ్ కెమెరా, ఒక డ్రోన్ కలిపి మొత్తం 320 జీబీ. అదంతా ఒక 2 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, కార్డులు ఖాళీ చేసి, వారం తిరక్కుండా ఇంకో రెండు పెళ్లిళ్లకు వాడేశారు. అంటే ఆ పెళ్లికి ఉన్నది ఆ ఒక్క కాపీయే. ఈలోగా కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు. దానికి టైప్-సీ పోర్టులు తప్ప వేరేవి లేవు కాబట్టి ఒక హబ్, అంటే ఒక్క పోర్టును నాలుగైదుగా పంచే డబ్బా, కొన్నారు. మౌస్ రిసీవర్, కార్డ్ రీడర్, హార్డ్ డిస్క్, చివరికి ల్యాప్‌టాప్ చార్జర్ కూడా ఆ హబ్‌కే. ఎడిటింగ్ కోసం పెళ్లి ఫోల్డర్‌ని ల్యాప్‌టాప్‌లోకి కాపీ పెడితే మధ్యలో డిస్క్ ఊడిపోయినట్టు శబ్దం వచ్చి ఆగిపోతోంది. "మొదటిసారి తలంబ్రాల దాకా వచ్చి ఆగింది. రెండోసారి జీలకర్ర బెల్లం దగ్గరే ఆగింది. మూడోసారి స్నాతకం కూడా దాటలేదు. నాలుగోసారి డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి అని బాక్స్ వచ్చింది. నా గుండె జారిపోయింది" అని రాశారు.

ఊళ్లో కంప్యూటర్ షాపు అబ్బాయి, ఫార్మాట్ కొట్టి రికవరీ సాఫ్ట్‌వేర్ పెడదామంటున్నాడు. లేకపోతే చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ పనిముట్టు) నడుపుతానంటున్నాడు. హైదరాబాద్‌లో డేటా రికవరీ చేసేవాళ్లకు ఫోన్ చేస్తే, చూడందే చెప్పలేమంటూనే ముప్పై వేలతో మొదలుపెట్టారు.

ఇది చాలదన్నట్టు, పాత పెళ్లిళ్లన్నీ ఉన్న 4 టీబీ పెద్ద డిస్క్ కూడా మొరాయిస్తోంది. దాని అడాప్టర్ స్టూడియో మార్చేటప్పుడు ఎక్కడో పోయింది. పిన్ను సరిపోయిందని సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ పెట్టారు. లైటు వెలుగుతుంది, తిరగబోతుంది, ఆగిపోతుంది, మళ్లీ తిరగబోతుంది.

అసలు బాధ వేరే ఉంది. ఆయన భార్య తమ్ముడు, ఇరవై రెండేళ్ల కుర్రాడు, డిగ్రీ అయ్యాక రెండేళ్లుగా స్టూడియోలోనే ఉంటున్నాడు. మొదటిసారి కాపీ ఆగిన సాయంత్రం ఆ టేబుల్ దగ్గర ఉన్నది అతనే. "నువ్వే లాగేశావురా" అని కస్టమర్ల ముందు అరిచారట, చేతకానివాడివన్నారట. కుర్రాడు మాట్లాడకుండా బ్యాగు సర్దుకుని వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయాడు. పది రోజులుగా భార్య "అన్నం పెట్టాను" అన్న మాట తప్ప ఇంకో మాట మాట్లాడటం లేదు. పెళ్లికూతురి తండ్రి రోజూ ఫోన్ చేస్తున్నారు. "ఆల్బమ్ డిజైనింగ్‌లో ఉందండీ" అని అబద్ధం చెబుతూ వస్తున్నారు. ఏం చేయమంటారు, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని అడిగారు. చివర్లో కొసమెరుపు: డిస్క్ పెట్టగానే వైర్‌లెస్ మౌస్ ఎగిరెగిరి పడుతోంది, వైరస్ ఏమైనా ఎక్కిందా అని.

ఇక మీతో.

మీ ఉత్తరంలో మీరు బాధతో రాసిన ఒక వాక్యం నాకు ధైర్యమిచ్చింది. తలంబ్రాల దగ్గర ఒకసారి, జీలకర్ర బెల్లం దగ్గర ఒకసారి, స్నాతకం దగ్గర ఒకసారి ఆగిందన్నారు చూడండి, అదే. డిస్క్ లోపల పళ్లెం మీద ఏదో ఒక చోట దెబ్బ తగిలి ఉంటే, కాపీ ఎన్నిసార్లు పెట్టినా దాదాపు ఆ ఫైలు దగ్గరికే వచ్చి తడబడాలి. అక్కడ వేగం పడిపోయి, నిమిషాలు నిమిషాలు వేలాడి, చివరికి చదవలేకపోతున్నానని చెప్పాలి. మీకు అలా కాలేదు. బాగా నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా, ప్రతిసారీ వేరే చోట, "టుడుడుం" అని డిస్క్ మాయమైంది. ఇలాంటప్పుడు ముందు అనుమానించాల్సింది కేబుల్‌ని, పోర్టుని, కరెంటుని. డిస్క్ క్షేమంగా ఉందని నేను ఇక్కడ కూర్చుని హామీ ఇవ్వలేను. పళ్లెం మీది రాతను చదివే హెడ్ బలహీనపడినా, డిస్క్ బాగా వేడెక్కినా కూడా ఎక్కడపడితే అక్కడ ఆగొచ్చు. కానీ పందెం కాయమంటే మాత్రం కేబుల్ వైపే కాస్తాను, లేదంటే ఆ హబ్ వైపు.

హబ్ సంగతి చెప్పనివ్వండి, ఎందుకంటే ఈ మధ్య నాకొచ్చే ఉత్తరాల్లో సగం దీని దగ్గరే తేలుతున్నాయి. పోర్టబుల్ డిస్క్‌కి వేరే అడాప్టర్ ఉండదు, అదే కేబుల్ మీద కరెంటు కూడా తాగుతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900 ఇవ్వాలని లెక్క. పళ్లెం తిరగడం మొదలుపెట్టే ఆ ఒకటి రెండు సెకన్లలో కొన్ని డిస్క్‌లు ఒక ఆంపియర్ దాకా లాగుతాయి. సొంత అడాప్టర్ లేని హబ్ అంటే ఒక కుళాయికి నాలుగు పైపులు తగిలించినట్టే. మీ హబ్ మీద కార్డ్ రీడర్ ఉంది, మౌస్ ఉంది, డిస్క్ ఉంది.

ఇంకోటి, మీరు చార్జర్ కూడా హబ్‌కే పెట్టానన్నారు. చాలా హబ్‌లలో చార్జర్ కరెంటు పోయినా, వచ్చినా, ఎవరు ఎవరికి కరెంటు ఇవ్వాలో హబ్బూ ల్యాప్‌టాప్పూ మళ్లీ మొదటి నుంచి మాట్లాడుకుంటాయి. ఆ క్షణంలో హబ్ మీద ఉన్నవన్నీ ఒకసారి ఊడి మళ్లీ తగులుకుంటాయి. మౌస్ అయితే మనకు తెలియదు కూడా. కాపీ నడుస్తున్న డిస్క్‌కి మాత్రం అది ఎవరో కేబుల్ పీకినట్టే. మీ స్టూడియోలో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేటప్పుడు ట్యూబ్‌లైటు ఒకసారి ఆరి వెలుగుతుందా? వెలిగితే, మీ బావమరిది చెయ్యి ఆ చుట్టుపక్కల లేకపోయినా ఆ కాపీ ఆగేదే.

ఇప్పుడు కేబుల్. మీ డిస్క్‌కి ఉన్నది వెడల్పుగా, రెండు గదులు పక్కపక్కన అతికించినట్టుండే మైక్రో-బీ పిన్ను అని మీ వర్ణన బట్టి అర్థమైంది. దాన్ని దగ్గరగా చూడండి. పెద్ద గది పాత ఫోన్ చార్జర్ పిన్నులాగే ఉంటుంది, అందులో ఐదు తీగలు, అవి 2.0వి. చిన్న గదిలో మరో ఐదు, 3.0 వేగం కోసం. ఇంత పల్చటి పిన్ను, బల్ల మీద వేలాడుతున్న డిస్క్ బరువంతా మోస్తుంది. కొన్నాళ్లకు ఒక పక్క వదులవుతుంది. కాపీ నడవనప్పుడు, అంటే ముఖ్యమైన డేటా ఏదీ కదలనప్పుడు, కేబుల్‌ని డిస్క్ దగ్గర వేలితో మెల్లగా తాకి చూడండి. లైటు మినుకుమన్నా, ఊడిన శబ్దం వచ్చినా దొంగ దొరికినట్టే. కేబుల్ మారిస్తే పోతే అదృష్టం. మార్చినా అలాగే ఉంటే డిస్క్ మీదున్న సాకెట్ వదులైందని అర్థం.

మరి ఇప్పుడు మీ ముందు మూడు దార్లున్నాయి. ఏది ఎంచుకున్నా, ముందుగా ఒక్కటి: ఆ ఫార్మాట్ బాక్స్ మళ్లీ వస్తే క్యాన్సిల్ నొక్కండి. డిస్క్‌లో ఏ ఫైలు ఎక్కడుందో రాసిన పట్టిక ఒకటి ఉంటుంది. కేబుల్ సరిగ్గా లేక ఆ పట్టిక చదవడం కుదరకపోయినా విండోస్ ఆ మాటే అంటుంది. అంతమాత్రాన ఫైళ్లు పోయినట్టు కాదు. ఫార్మాట్ కొడితే మాత్రం ఆ పట్టిక మీద కొత్తది రాస్తుంది. చెక్‌డిస్క్ కూడా వద్దంటున్నాను. అది చదివి ఊరుకోదు, సరిచేస్తున్నానంటూ అదే డిస్క్ మీద రాస్తుంది. కనెక్షన్ ఊగిసలాడుతున్నప్పుడు అలా రాయించడం ప్రమాదం. ఫైళ్ల పేర్లన్నీ పోయి ముక్కలుగా తేలిన పెళ్లిళ్లు నేను చూశాను. షాపు అబ్బాయి చెడ్డవాడు కాదు, అతనికి రోజూ వచ్చేవి సినిమాలున్న పెన్‌డ్రైవ్‌లు. వాటికి ఆ వైద్యం చాలు.

మొదటి దారి, మీరే పరీక్షించుకోవడం. ఖర్చు రెండు మూడు వందలు, ఒక పూట సమయం. అయితే దీనికి ఒక నియమం ఉంది, దాన్ని తప్పితే ఏమీ తేలదు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. కేబులూ పోర్టూ కంప్యూటరూ కలిపి మార్చేసి, పని చేసిందని సంబరపడితే, ఎవరు దోషో తెలియక వచ్చే నెల మళ్లీ ఇదే పరిస్థితికి వస్తారు. ఒక కాగితం మీద రాసుకుంటూ చేయండి.

ముందు కంప్యూటర్ సంగతి వదిలేసి డిస్క్‌ని చెవి దగ్గర పెట్టుకుని వినండి. మెత్తగా తిరుగుతున్న గాలి శబ్దం ఉంటే మంచిదే. లయగా "టక్... టక్... టక్" అంటుంటే, లేదా తిరక్కుండా సన్నగా బీప్‌మంటుంటే, ఒక్కసారి మాత్రం మంచి కేబుల్‌తో, హబ్ లేకుండా, వేరే కంప్యూటర్‌కి పెట్టి చూడండి. కరెంటు చాలకపోయినా ఇవే శబ్దాలు వస్తాయి. అక్కడా అదే శబ్దమైతే ఇక తాకొద్దు. మొదటి దారి మీకు అక్కడితో మూసుకుపోయింది.

శబ్దం బాగుంటే, మీ పాత కంప్యూటర్ ఉందిగా, నెమ్మదిస్తోందని పక్కన పెట్టారే, దాన్ని బయటకు తీయండి. దానికి వెనక వైపున్న పోర్టుకే పెట్టండి. ముందు వైపు పోర్టులు క్యాబినెట్ లోపల ఒక సన్నని వైరు మీదుగా మదర్‌బోర్డుకి వెళ్తాయి, వెనకవి నేరుగా బోర్డు మీదే ఉంటాయి. నేనొకసారి ఈ తేడా తెలియక, బాగున్న డిస్క్‌ని పాడైందని వారం రోజులు తిట్టుకున్నాను. అదే పాత కేబుల్‌తో అక్కడ నిలకడగా కనిపిస్తే దోషి హబ్, లేదా కొత్త ల్యాప్‌టాప్ పోర్టు. అక్కడా ఊడితే కేబుల్ మార్చండి. డిస్క్‌తో పాటు వచ్చినంత పొట్టిది, మూరెడు కన్నా పొడవు లేనిది, 3.0 అని అడిగి తీసుకోండి. పొడుగు కేబుల్ సౌకర్యమే కానీ కరెంటు దారిలోనే సన్నగిల్లుతుంది.

కొత్త కేబుల్‌తోనూ ఊడుతుంటే ఇంకో చిట్కా. పాత ఆండ్రాయిడ్ ఫోన్లకు వాడిన మైక్రో యూఎస్‌బీ డేటా కేబుల్ తీసుకుని ఆ పెద్ద గదిలో పెట్టండి. పడుతుంది. 3.0 తీగలు లేవు కాబట్టి డిస్క్ 2.0లో నడుస్తుంది, సెకనుకు 35 ఎంబీ లోపు వస్తుంది. మీ 320 జీబీకి రెండున్నర గంటలు, మూడు గంటలు పడుతుంది. పడనివ్వండి. నిలకడగా వస్తే అంతకన్నా ఏం కావాలి? కాకపోతే ఫోన్ కేబుళ్లలో కొన్నిటికి తీగలు మరీ సన్నం, డిస్క్‌కి కరెంటు చాలదు. కొన్ని చార్జింగ్‌కే, డేటా తీగలే ఉండవు. ఒకటి పనికిరాకపోతే అది కేబుల్ తప్పని గుర్తుంచుకోండి.

డిస్క్ కనబడగానే ఆత్రంగా మొత్తం ఫోల్డర్ లాగకండి. కట్ అసలే వద్దు, కాపీ మాత్రమే. ముందు క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి 05, సీ5, సీ6 అని ఉన్న మూడు వరసల చివరి గడి చూడండి, పళ్లెం మీద పాడైన చోట్ల లెక్క అది. అన్నీ సున్నాలైతే పళ్లెం బాగుందన్న ఆశ పెంచుకోవచ్చు. అంకెలు కనబడి, గంట తర్వాత చూస్తే ఇంకా పెరుగుతుంటే, చావు దగ్గర పడిన డిస్క్ అది. అప్పుడు ఆపేసి మూడో దారి చూడాలి. బాగుంటే ముహూర్తం క్లిప్పులు ముందు తీసుకోండి, తర్వాత తలంబ్రాలు, అప్పగింతలు. రిసెప్షన్ వరసలో నిలబడి ఫొటోలు దిగినవాళ్లు చివర్న వచ్చినా ఫరవాలేదు. టెరాకాపీ లాంటి కాపీ సాఫ్ట్‌వేర్ అయితే, కాపీ అయ్యాక రెండు వైపులా సరిపోల్చి చూసుకుంటుంది.

రెండో దారి, సాకెట్ వదులైందని తేలినప్పటి మాట. మీ జిల్లా కేంద్రంలో ఫోన్ల చార్జింగ్ పిన్ను మార్చే మంచి పనివాడు ఉంటే, డిస్క్ మీద సాకెట్ కూడా మళ్లీ అతికించగలడు. లాభమేమిటంటే తక్కువలో పోతుంది. నష్టం కూడా చెప్పాలి. ఒకప్పుడు పోర్టబుల్ డిస్క్ డబ్బా విప్పితే లోపల కంప్యూటర్లలో బిగించే మామూలు సాటా రకం డిస్క్ ఉండేది, తీసి కంప్యూటర్‌కి నేరుగా తగిలించేవాళ్లం. ఇప్పుడు చాలా మోడళ్లలో యూఎస్‌బీ సాకెట్ డిస్క్ సొంత బోర్డు మీదే ఉంటుంది. కొన్నిటిలో ఆ బోర్డే డేటాని తాళం వేసి రాస్తుంది. వేడి ఎక్కువై బోర్డు కాలిందా, అదే మోడల్ బోర్డు ఇంకోటి తెచ్చి బిగించినా నడవదు, ఎందుకంటే ఒక్కో డిస్క్ తాలూకు సొంత లెక్కలు దాని బోర్డు మీది చిప్‌లో ఉంటాయి. అతను బోర్డు వరకే ముట్టుకుంటాడా అని అడగండి. పళ్లెం ఉన్న లోహపు మూత తెరుస్తానంటే దండం పెట్టి డిస్క్ వెనక్కి తీసుకోండి. ఆ మూత దుమ్ము లేని గదిలో తప్ప తెరవకూడదు.

మూడో దారి హైదరాబాద్. టక్ టక్ అంటున్నా, సీ5 పెరుగుతున్నా, బోర్డు కాలినా ఇదొక్కటే దారి. అప్పుడు ముందు రెండిటితో కాలయాపన చేసిన కొద్దీ వచ్చే డేటా తగ్గుతుంది. పంపే ముందు అడగాల్సినవి అడగండి: పరీక్షకు ఎంత, డేటా రాకపోతే ఎంత, వచ్చిన ఫైళ్ల జాబితా డబ్బు కట్టకముందు చూపిస్తారా, వద్దనుకుంటే డిస్క్ ఉన్నదున్నట్టు తిరిగిస్తారా. నోటి మాట కాకుండా రాతలో తీసుకోండి. మీ విషయంలో నా అభిప్రాయం అడిగితే, శబ్దం బాగున్నంతవరకు ముప్పై వేల గురించి ఈ వారం ఆలోచించొద్దు. కానీ ఆ నిర్ణయం మీ చెవులది, నాది కాదు.

4 టీబీ డిస్క్‌ది చిన్న సంగతే అనుకుంటున్నాను. సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ తిరగేసి, దాని మీది అక్షరాలు టార్చి వేసి చదవండి. ఔట్‌పుట్ అని ఉన్న చోట 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉండి ఉంటుంది. ఆ పెద్ద డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు దాదాపు రెండు ఆంపియర్లు అడుగుతుంది. చాలక ఆగిపోతుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది. మీరు వర్ణించింది అచ్చంగా ఇదే. డిస్క్ వెనక ఎన్ని వోల్టులని రాసుందో సరిగ్గా అన్నే వోల్టులు, ఆంపియర్లు అంతే లేదా అంతకన్నా ఎక్కువ, పిన్ను లోపల ప్లస్ అన్న గుర్తు రెండిటి మీదా ఒకటే, ఈ మూడూ చూసి అడాప్టర్ కొనండి. పిన్ను దూరిందన్నది లెక్కలోకి రాదు. ఇదే పిన్ను దూరే 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టర్ పెట్టి బోర్డు కాల్చుకున్నవాళ్లున్నారు. మీరు 12 వోల్టుల దగ్గరే ఆగారు, బతికిపోయారు.

ఇక ఆ కుర్రాడి సంగతి.

కొత్త ల్యాప్‌టాప్‌లో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరవండి. విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ నొక్కితే పెద్ద చిట్టా వస్తుంది. అందులో డిస్క్ పేరుతో 157 అంకె ఉన్న వరసలు చూడండి. చెప్పకుండా డిస్క్ ఊడిపోయినప్పుడల్లా విండోస్ ఆ అంకె వేసి తేదీ, టైము రాసుకుంటుంది. చేత్తో లాగినా అదే అంకె, హబ్ తడబడినా అదే అంకె, కాబట్టి ఒక్క వరసను బట్టి ఏమీ చెప్పలేం. కానీ అతను వెళ్లిపోయాక కూడా, మీరు ఒక్కరే ఉన్నప్పుడు ఇంకో రెండుసార్లు ఆగిందని మీరే రాశారు. చిట్టాలో వరసలు అతను ఉన్నప్పుడూ, లేనప్పుడూ ఒకేలా ఉంటే జవాబు మీ ముందే ఉంటుంది.

ఒక మాట సూటిగా అంటాను, ఏమనుకోకండి. అతను లాగాడనే అనుకుందాం. ఒక కేబుల్ లాగితే ఒక పెళ్లి మొత్తం పోయే పరిస్థితి తెచ్చింది అతను కాదు. ఒకే కాపీ పెట్టుకుని కార్డులు ఖాళీ చేయించింది మీరు. పెళ్లి డేటా రెండు డిస్క్‌లలో పడేదాకా కార్డు ఫార్మాట్ చేయకూడదని మన ఊళ్లలో స్టూడియోవాళ్లు ఒకరికొకరు చెప్పుకునేదే. పీటర్ క్రో అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ప్రచారం చేసిన 3-2-1 లెక్క కూడా అదే: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి వేరే ఇంట్లో. ఆ సీజన్ హడావిడి నాకు తెలుసు, తప్పు పట్టడం లేదు. కానీ కస్టమర్ల ముందు అన్న మాటకు ఈవెంట్ వ్యూయర్ సాక్ష్యం చెప్పేదాకా ఆగి క్షమాపణ అడగాలా, ముందే అడగాలా అన్నది మీరు ఎంచుకోవాలి. ఆగితే, అతని తప్పు లేదని రుజువయ్యాకే మెత్తబడ్డారని అనుకుంటాడు. మీ ఆవిడ కూడా అనుకుంటుంది. ముందే వెళ్తే, ఆ తర్వాత చిట్టాలో ఏం తేలినా ఇంట్లో గొడవ పెరగదు. నేనైతే ముందే వెళ్తాను.

పైగా మీకు అతనితో పని ఉంది. ఏ కార్డు ఏ కెమెరాలోది, ఖాళీ చేశాక ఏది ఏ పెళ్లికి వాడారు, ఏది వాడకుండా డ్రాయరులో పడి ఉంది అన్నది మీకన్నా అతనికే గుర్తుండే అవకాశం ఎక్కువ, కాపీలు చేసింది అతనే కాబట్టి. కెమెరాలో ఫార్మాట్ కొట్టినంత మాత్రాన మామూలుగా పాత క్లిప్పులు చెరిగిపోవు, వాటి మీద కొత్తవి రాసినప్పుడే పోతాయి. డ్రోన్ కార్డు తర్వాత మళ్లీ ఎగరకపోయి ఉంటే అందులో చాలా భాగం రికవరీకి దొరకొచ్చు. ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనికి పనికొస్తుంది, పేర్లు పోతాయి కానీ క్లిప్పులు వస్తాయి. కాబట్టి ఆ కార్డులన్నీ ఈ క్షణం నుంచి వాడకం ఆపేయండి. పెళ్లిలో ఎల్ఈడీ స్క్రీన్లు పెట్టి, యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చి ఉంటే మిక్సింగ్ యూనిట్ వాళ్ల దగ్గర రికార్డింగ్ ఉందేమో కనుక్కోండి. లైవ్ లింక్ ఇంకా తెరుచుకుంటుందేమో చూడండి. క్వాలిటీ తక్కువే, అయినా తలంబ్రాలు తలంబ్రాలే.

పెళ్లికూతురి తండ్రికి ఏం చెప్పాలి? "డిజైనింగ్‌లో ఉంది" అన్న అబద్ధం ఇంకో వారం నడుస్తుంది. ఆ వారంలో డేటా వచ్చేస్తే ఆయనకు ఏమీ తెలియకుండానే పోతుంది, అది మీకు దక్కే లాభం. రాకపోతే, డేటా పోయిందన్న కోపం కన్నా ఇన్నాళ్లూ నాతో ఆడుకున్నాడన్న కోపమే ఆయనకు ఎక్కువవుతుంది. మీది చిన్న ఊరు, రేపటి నుంచి ఆ మాటే తిరుగుతుంది. పూర్తిగా చెప్పేస్తే ఇవాళే స్టూడియో మీదికి రావచ్చు, అడ్వాన్స్ వెనక్కి అడగొచ్చు. మధ్యలో ఇంకో దారి ఉంది. "ఒక డిస్క్ ఇబ్బంది పెడుతోందండీ, బాగు చేయిస్తున్నాను, వచ్చే ఆదివారం ఏ సంగతీ నేనే వచ్చి చెబుతాను" అనండి. అబద్ధం కాదు, పూర్తి నిజం కూడా కాదు. ఆదివారం నాడు మాత్రం ఫోన్ చేయకుండా మనిషే వెళ్లాలి. వట్టి చేతులతో వెళ్లకుండా దొరికినంత డ్రోన్ క్లిప్పో, లైవ్ రికార్డింగో చూపించగలిగితే ఆ సంభాషణ వేరేలా ఉంటుంది.

మౌస్ సంగతి మర్చిపోలేదు. వైరస్ కాదు. 3.0లో డేటా పరుగెత్తుతున్నప్పుడు కేబుల్ నుంచి, పిన్ను నుంచి కొంత రేడియో రొద బయటకు చిందుతుంది. అది 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల కూడా ఉంటుంది. మీ మౌస్ మాట్లాడుకునేది సరిగ్గా అక్కడే. ఇంటెల్ కంపెనీయే 2012లో దీని మీద ఒక పత్రం వెలువరించింది. రిసీవర్ డిస్క్ పక్కనే ఉంటే మౌస్ గెంతుతుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో రిసీవర్‌ని జానెడు దూరం జరపండి, సర్దుకుంటుంది. కాపీ అయ్యేదాకా మాత్రం ఆ రిసీవర్ కూడా పీకేసి, ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌తోనే పని కానివ్వండి.